ఆయన సిబిల్ 571: భార్యగా మీరు చేయగలిగింది, చేయకూడనిది

కావలి నుంచి అడిగిన చెల్లెమ్మకి,

ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావాళ్లకి కూడా అర్థం కావాలని, మీరు రాసినదాన్ని ముందు నాలుగు మాటల్లో చెప్తాను. మీరు ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, మీ సిబిల్ స్కోరు, అంటే అప్పులు ఎలా కడుతున్నారో చూసి వేసే అంకె, 780 పైన. మీ ఆయన అల్లూరు వైపు రెండు రొయ్యల గుంటలు కౌలుకి చేసి, రొయ్యలకి వైట్ స్పాట్ రోగం తగిలి మునిగిపోయారు. ఆ దెబ్బకి 85 వేల క్రెడిట్ కార్డు బాకీ ఆగిపోయి, చివరికి 40 వేలకి సెటిల్ చేసుకున్నారు. బండి లోను కంతులు ఆరుసార్లు ఆలస్యమయ్యాయి. ఫోన్ యాప్‌లో తీసుకున్న 6 వేలు అట్లాగే ఉంది. మేత డీలరుకి ఇంకో లక్షన్నర ఇవ్వాలి. ఇప్పుడాయన ప్రాసెసింగ్ ప్లాంట్లో సూపర్‌వైజరు, జీతం 18 వేలు, స్కోరు 571. మీ అత్తగారు ఆయన పేరున రాసిచ్చిన స్థలంలో మూడేళ్లలో ఇల్లు కట్టుకోవాలని మీ ఆశ. ఆయన సిబిల్ వల్ల నా సిబిల్ పడిపోతుందా, నా కార్డు మీద ఆయనకో కార్డు ఇప్పిస్తే బాగుపడుతుందా, నా పేరున రెండు లక్షల పర్సనల్ లోను తీసి అన్నీ కట్టేయనా అని మూడు అడిగారు.

నేను 31 ఏళ్లు బ్యాంకులో చేశాను. అందులో సగానికి పైగా ఒంగోలు, కందుకూరు, నెల్లూరు బ్రాంచీల్లో అప్పుల సెక్షనే. అయినా ఈ జవాబులో ముఖ్యమైన సంగతి నేను నేర్చుకున్నది సీట్లో కూర్చుని కాదు, మా ఇంట్లో.

మా ఆయనకి పొదిలిలో ఎరువుల కొట్టు ఉండేది. ఒక స్నేహితుడి ట్రాక్టరు లోనుకి షూరిటీ సంతకం పెట్టారు, నాతో ఒక్క మాట అనలేదు. 2014లో ఇంటి లోనుకి వెళ్తే ఆ స్నేహితుడి బకాయి మా ఆయన రిపోర్టులో నిలువునా కనపడింది. షూరిటీదారుడి బాధ్యత అసలు అప్పుదారుడితో సమానమని కాంట్రాక్టు చట్టం చెప్తుంది. రోజూ నలుగురికి ఆ ముక్క చెప్పేదాన్నే, నా ఇంటి తలుపు తట్టేదాకా నాకు దాని బరువు తెలియలేదు. తొందరపడి నా పేరున పర్సనల్ లోను తీసి మొత్తం కట్టేశాను. ఆ బాకీ తీరింది. ఆయన రిపోర్టులో పాత ఆలస్యాలు మాత్రం అక్కడే ఉన్నాయి, కొత్తగా మంచిదేదీ చేరలేదు. నా జీతంలోంచి నాలుగేళ్ల కంతు మొదలై నా అర్హత కూడా తగ్గింది. అంతకన్నా బాధ, ప్రతి చిన్న తగువులోనూ "నీ బాకీ నేను కట్టాను" అన్న మాట నా నోటికొచ్చేది. ఆయన మాట్లాడడం తగ్గించేశారు. అందుకే మీ మూడో ప్రశ్న చదవగానే గుండె కలుక్కుమంది.

మీ పేరు ఆయనకి అరువివ్వకండి. ఆయన పేరు మీదే, ఆయన చేత్తోనే, చిన్న చిన్న మొత్తాలు గడువు దాటకుండా కట్టేలా ఇల్లు సర్దండి. మీరు చేయగల అసలు సాయం అదే.

ఇప్పుడు ప్రశ్నలు. పెళ్లి వల్ల రెండు సిబిళ్లు కలవవు. ఎవరి పాన్ మీద రికార్డు వాళ్లదే. ఇద్దరూ కలిసి అప్పు తీసుకున్నప్పుడు, లేదా ఒకరికొకరు షూరిటీ ఉన్నప్పుడు మాత్రమే ఆ ఒక్క అప్పు ఇద్దరి రిపోర్టుల్లోనూ పడుతుంది. ప్రస్తుతం మీకు అలాంటిదేమీ లేదు కాబట్టి ఆయన 571 మీ 780ని ముట్టుకోదు.

యాడ్ ఆన్ కార్డు, అంటే మీ కార్డు మీద ఆయనకిప్పించే కార్డు సంగతి. దాని బాకీ కట్టాల్సిన బాధ్యత అసలు కార్డు ఉన్నవాళ్లది, అంటే మీది. వాడకం, చెల్లింపు మామూలుగా మీ ఖాతా రికార్డులోకే పోతాయి. పెట్రోలు కొట్టించుకోవడానికి సదుపాయంగా ఉంటుందేమో గానీ ఆయన చరిత్రకి దానివల్ల బలం వస్తుందని నమ్ముకోలేం. అమెరికాలో ఉన్న బంధువులు అక్కడి పద్ధతి చూసి ఈ సలహా ఇస్తుంటారు, మన దగ్గర దాన్ని నమ్ముకోవద్దు.

పర్సనల్ లోను లెక్క చూడండి. రెండు లక్షలు, మూడేళ్లు, 14 శాతం వడ్డీ అనుకుంటే నెలకి 6,836 కంతు. రేపు మీరు ఇంటి లోనుకి వెళ్లేనాటికి ఆ కంతు నడుస్తుంటే మీ అర్హతలోంచి అంత తీసేస్తారు. 8.5 శాతం మీద ఇరవై ఏళ్ల ఇంటి లోనులో 6,836 కంతుకి దాదాపు 7 లక్షల 88 వేల అప్పు వస్తుంది. రెండు లక్షలు తీర్చబోయి దాదాపు ఎనిమిది లక్షల అర్హత పోగొట్టుకున్నట్టు. పైగా ఆ రెండు లక్షల్లో లక్షన్నర మేత డీలరుది. అది సిబిల్‌లో ఉండనే ఉండదు. డీలర్లు, చేబదుళ్లు, ప్రామిసరీ నోట్లు ఆ రిపోర్టుకి ఎక్కవు. అలాగని ఎగ్గొట్టమని కాదు. ఆయన డీలరు దగ్గరికి వెళ్లి, నెలకింత అని మాట్లాడుకుని, రసీదు తీసుకుంటూ తీర్చాలి. డీలరు దగ్గర ఆయన సంతకం చేసిన ఖాళీ చెక్కులుంటే అవెన్నో రాసిపెట్టుకోండి. చెక్కు బౌన్సయితే అది కోర్టు వ్యవహారమవుతుంది.

ఇక పని. ముందు రిపోర్టు తీయాలి. మన దేశంలో ఈ రిపోర్టులిచ్చే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. కనీసం రెండు తీయండి. ఒకదాన్లో కనపడని అప్పు ఇంకోదాన్లో ఉంటుంది. యాప్ అప్పుల విషయంలో ఇది నేను చాలాసార్లు చూశాను.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఆయన నిద్రపోతుంటే ఫోను తీసి ఓటీపీ కొట్టకండి. గుంటలు పోయిన మనిషికి ఫోను మోగితేనే భయం, ఆ అంకె చూడాలంటే సిగ్గు. ఆదివారం అన్నాలయ్యాక ఇద్దరూ కూర్చుని, ఆయన వేళ్లతోనే తెరిపించండి. చదివేటప్పుడు మీరు నోరెత్తకండి. మా ఇంట్లో రెండోసారి సరిగ్గా చేసింది ఇదే. ఆయనే చదివారు, ఆయనే కాగితం మీద రాసుకున్నారు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య గొంతు మారింది.

రిపోర్టులో స్కోరు దగ్గర ఆగిపోవద్దు. ప్రతి ఖాతా కింద నెలనెలా గళ్లుంటాయి, 36 నెలల వరకు. సున్నాలుంటే సకాలంలో కట్టినట్టు. 30, 60 లాంటి అంకెలు గడువు దాటిన రోజులు. 90 దాటితే బ్యాంకు దాన్ని మొండి బాకీ కింద లెక్కేస్తుంది. ఖాతా హోదా దగ్గర "క్లోజ్డ్" (పూర్తిగా తీరింది) ఉందా, "సెటిల్డ్" (కొంత కట్టి ముగించారు) ఉందా, "రిటెన్ ఆఫ్" (రాని బాకీగా బ్యాంకు లెక్కల్లోంచి తీసేసింది) ఉందా చూడండి. ఇంటి లోను ఇచ్చే మేనేజరు కన్ను మొదట పడేది అక్కడే. 700 స్కోరుతో "సెటిల్డ్" ఉన్నవాళ్లని వెనక్కి పంపి, 680తో శుభ్రంగా ఉన్నవాళ్లకి లోను ఇచ్చిన సందర్భాలు నా చేతిమీదే ఉన్నాయి.

ఆయనవి కాని అప్పులేమైనా ఉన్నాయా అన్నది కూడా చూడండి. మన వైపు పెంచలయ్యలు, మస్తానయ్యలు, రమణయ్యలు వీధికి ముగ్గురు. ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి రాసేసరికి ఒకరి బాకీ ఇంకొకరి రిపోర్టులో పడ్డ కేసులు నేనే సరిచేయించాను. పుట్టినతేదీ, తండ్రి పేరు, పాన్ అంకెలు ఒక్కొక్కటీ పోల్చండి. తప్పుంటే ఆ కంపెనీ వెబ్‌సైట్లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ తేలకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో రాయొచ్చు, ఖర్చేమీ లేదు.

ఇప్పుడు బాకీలు. మొదట యాప్ ఆరు వేలు తీర్చండి. చిన్నదే, కానీ ఇవాళ్టికీ బతికున్న ఓవర్‌డ్యూ, అంటే గడువు దాటిన బాకీ, అదొక్కటే. అది అట్లా ఉండగా మిగతా ఎన్ని చేసినా స్కోరు లేవదు. రిపోర్టులో యాప్ పేరు ఉండకపోవచ్చు. యాప్ వెనక అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ పేరుంటుంది, ఆ పేరు పట్టుకోండి. డబ్బు ఆ కంపెనీ బ్యాంకు ఖాతాకే పోవాలి. ఫోన్ చేసిన ఏజెంటు పంపిన యూపీఐ నంబరుకి ఒక్క రూపాయి కూడా వేయకండి. కట్టాక ఇక బాకీ లేదనే నో డ్యూ సర్టిఫికెట్ మెయిల్లో తెప్పించుకోండి. వసూలు వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదన్న నిబంధన ఉంది. ఆ వేళలు దాటి చేస్తే తేదీ, సమయం రాసి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపండి.

తర్వాత కార్డు. 85 వేల బాకీని 40 వేలకి ముగించారు, అంటే 45 వేలు బ్యాంకు వదులుకుంది. అందుకే రిపోర్టులో "సెటిల్డ్" అని పడింది. సెటిల్‌మెంట్ చేసుకున్నవాళ్లందరూ బాకీ తీరిపోయిందనే అనుకుంటారు. చేతికిచ్చే కాగితంలో ఈ సంగతి చిన్నక్షరాల్లోనే ఉంటుంది. దీన్ని మార్చుకునే దారి ఒకటుంది. వదిలిపెట్టిన మొత్తం కట్టేస్తాం, ఖాతాని క్లోజ్డ్‌గా పంపుతారా అని బ్యాంకుకి రాతపూర్వకంగా అడగాలి. ఒప్పుకుంటున్నట్టు కాగితం చేతికొచ్చాకే కట్టాలి. ముందు కట్టేసి తర్వాత అడిగితే తిప్పుతారు. ఈలోగా బ్యాంకు ఆ బాకీని మొండి బాకీలు కొనే అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీ దేనికైనా అమ్మేసి ఉంటే రిపోర్టులో ఆ కంపెనీ పేరే కనపడుతుంది, లెటరు కూడా వాళ్ల దగ్గరే తీసుకోవాలి. ఇంత చేసినా పాత నెలల గళ్లు చెరిగిపోవు. ఈ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు దాచాలని చట్టమే చెప్తోంది. అయితే "సెటిల్డ్" పోయి "క్లోజ్డ్" వస్తే ఇంటి లోను ఇచ్చేవాళ్ల చూపు మారుతుంది. ఈ 45 వేలు ఆయన జీతంలోంచి, బోనస్‌లోంచి ఏడాదిలో కూడబెట్టనివ్వండి. తొందరేమీ లేదు, మీకు మూడేళ్లుంది.

బండి లోను అయిపోయిందంటున్నారు కాబట్టి నో అబ్జెక్షన్ కాగితం, ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు తీయించడం పూర్తయ్యాయా చూసుకుంటే చాలు.

పాతవి సర్దినంత మాత్రాన చరిత్ర రాదు, కొత్తగా రాయాలి. 571కి మామూలు కార్డు ఎవరూ ఇవ్వరు. అడిగిన ప్రతిసారీ బ్యాంకు రిపోర్టు చూసినట్టు ఒక ఎంక్వయిరీ పడి స్కోరు ఇంకాస్త దిగుతుంది. అందుకని ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకోవాలి. ఆయన పేరున 20 వేలు ఎఫ్‌డీ వేస్తే, బ్యాంకుని బట్టి అందులో 75 నుంచి 90 శాతం దాకా, అంటే 15 నుంచి 18 వేల లిమిట్ ఇస్తారు. మీ డబ్బుతో సాయం చేయాలనుంటే ఇక్కడ చేయండి. ఆ 20 వేలు పోయినా ఇల్లు కూలదు, మీ పాన్‌కి ఏమీ అంటదు.

ఆ కార్డు మీద నెలకి నాలుగు వేలు దాటనివ్వొద్దు. లిమిట్‌లో 30 శాతం లోపు వాడకం మంచిదన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. పెట్రోలు, కరెంటు బిల్లు, సరుకులు, అంతే. బిల్లు తయారయ్యే తేదీకి రెండు రోజుల ముందే చాలావరకు కట్టేస్తే రిపోర్టులో వాడకం తక్కువగా కనపడుతుంది. మిగిలింది గడువులోగా పూర్తిగా కట్టాలి. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం ఇంతైనా కట్టమని చూపే మొత్తం, దాని జోలికి మాత్రం పోవద్దు. 40 వేల బాకీ మీద నెలకి 3.5 శాతం వడ్డీ 1,400, దానిమీద జీఎస్‌టీ 252. మినిమమ్ అని 2,000 కడితే అసలులో తగ్గేది 348 రూపాయలు. మీ ఆయన కార్డు 85 వేలకి చేరింది ఇట్లాగే అయుంటుంది.

కార్డు బిల్లు గడువు దాటిన మూడు రోజుల తర్వాతే ఆలస్యంగా రిపోర్టు చేయాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. దాన్ని ఏమరుపాటుకి ఆసరాగా ఉంచుకోండి, అలవాటుగా కాదు. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారైనా ఆ కంపెనీలకి వివరాలు పంపాలి. మంచీ చెడూ రెండూ త్వరగా కనపడతాయి.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సిబిల్ ఎందుకింత ఎక్కువగా దెబ్బతింటుందో ఒక మాట చెప్పాలి, మళ్లీ గుంటలు చేయాలని ఆయనకి ఉంటే పనికొస్తుంది. రొయ్య మూడు నాలుగు నెలలకి పట్టుబడికి వస్తుంది. పొగాకు రైతుకి వేలం కేంద్రంలో బేళ్లు అమ్ముడయ్యాకే డబ్బు. కంతు మాత్రం ప్రతి నెలా ఐదో తారీకుకి రావాలి. డబ్బు ముద్దగా వస్తుంది, బాకీ చుక్కచుక్కగా పోవాలి. పట్టుబడి రోజున చేతిలో లక్షలుంటాయి, మూడో నెలకి ఐదు వేలుండవు. మనుషులు మోసగాళ్లై ఎగ్గొట్టడం నేను చాలా తక్కువ చూశాను. ఈ పొంతన కుదరకపోవడమే ఎక్కువ చూశాను. మా ఆయన కొట్టు డబ్బూ అంతే, సీజన్లో వచ్చేది. అందుకని వేరే ఖాతా ఒకటి తెరిచి, డబ్బొచ్చిన రోజే ఆరు నెలల కంతులు అందులో వేసేసి, ఆటో డెబిట్ ఆ ఖాతాకి కట్టాము. ఆ ఖాతాకి ఏటీఎం కార్డు తీసుకోలేదు. మీ ఆయనకిప్పుడు నెల జీతం కాబట్టి జీతం పడ్డ రెండు రోజులకి తేదీ పెట్టించుకుంటే సరి.

బంగారం గురించి కూడా. కుదువ పెట్టి తెచ్చిన అప్పుకి సిబిల్‌తో పనిలేదని మన ఆడవాళ్లు చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఏడాది గడువున్న బంగారం లోను తిరగరాయకుండా వదిలేస్తే అదీ ఓవర్‌డ్యూగా పడుతుంది, వేలం వేస్తే అదీ పడుతుంది. తక్కువ స్కోరు ఉన్నా బంగారం మీద అప్పు దొరుకుతుంది, సకాలంలో విడిపిస్తే ఆయన రికార్డుకి మంచిదే. కానీ స్కోరు కోసమే మీ గాజులు కుదువకి పంపొద్దు. అవసరం లేని అప్పుకి వడ్డీ కట్టి పేరు కొనుక్కోవడం నాకు నచ్చదు. వాయిదాల మీద కొత్త ఫోను కొంటే సిబిల్ పెరుగుతుందన్న సలహా కూడా అలాంటిదే.

డబ్బిస్తే నెలలో సిబిల్ పెంచుతామని చెప్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. నిజంగా జరిగిన ఆలస్యాన్ని రిపోర్టులోంచి తీసేసే అధికారం ఎవరికీ లేదు. తప్పుగా పడ్డదాన్ని మీరే ఉచితంగా సరిచేయించుకోవచ్చు. మధ్యవాళ్లకి పాన్, ఓటీపీ ఇస్తే కొత్త అప్పు పుట్టే ప్రమాదం ఉంది.

ఇక ఇల్లు. స్థలం ఆయన పేరున ఉంది కాబట్టి ఆయన్ని పక్కనపెట్టి మీ ఒక్కరి పేరున లోను తీయడం కుదరదు. స్థలం ఎవరిదైతే వాళ్లు కో అప్లికెంట్‌గా, అంటే లోను అడిగేవాళ్లలో ఒకరిగా ఉండాలని బ్యాంకులు అడుగుతాయి, అప్పుడు ఇద్దరి స్కోర్లూ చూస్తారు. స్థలం మీ పేరున దాన సెటిల్‌మెంట్ రాయించుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. కాగితం మీద అది దగ్గరి దారి. ఓడిపోయి ఉన్న మనిషి దగ్గర, తల్లి ఇచ్చిన స్థలం కూడా రాయించుకుంటే ఆ ఇంట్లో ఆయన ఎట్లా తిరుగుతాడో ఆలోచించండి. ఆయనా, మీ అత్తగారూ వాళ్లంతట వాళ్లే అంటే వేరు. లేకపోతే మూడేళ్లు ఆగండి. ఆగడం వల్ల డబ్బు కూడా మిగలొచ్చు. 20 లక్షలు, ఇరవై ఏళ్లు, 9.5 శాతం అయితే కంతు 18,643. మంచి స్కోరుతో అదే 8.5కి దొరికితే 17,356. మొత్తం కాలానికి తేడా మూడు లక్షల పైమాటే.

మన నెల్లూరు ఆడవాళ్లకి ఇది కొత్త విద్యేమీ కాదు. 1992లో దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచాక, పొదుపు లక్ష్మి సంఘాల్లో రోజుకో రూపాయి దాచి, పుస్తకంలో రాయించుకున్న తల్లులు మనవాళ్లు. ఆస్తి కాగితాలు లేని వాళ్లని బ్యాంకులు నమ్మింది ఆ పుస్తకంలో తప్పిపోని వరస చూసే. మీ ఆయన ఇప్పుడు రాసుకోవాల్సిందీ అలాంటి వరసే.

మాకు ఎంత కాలం పట్టిందంటారా? ఎఫ్‌డీ కార్డు తీసుకున్న ఎనిమిదో నెలకి కదలిక కనపడింది. మూడో ఏడాది చివరికి మా ఆయన స్కోరు 740 దాటింది. మధ్యలో ఒకసారి కొట్టు దెబ్బతిని ఒక కంతు తప్పింది, ఆయనే వచ్చి నాకు ముందుగా చెప్పారు. సంతకం పెట్టి దాచిన మనిషి అట్లా వచ్చి చెప్పడం నాకు 740 కన్నా ఎక్కువ.

ఈ ఆదివారం రిపోర్టు తీశాక రెండు సంగతులు రాయండి: యాప్ అప్పు ఏ కంపెనీ పేరున కనపడుతోంది, కార్డు ఖాతా ఇంకా బ్యాంకు పేరునే ఉందా లేక వేరే కంపెనీకి మారిందా. ఖాతా నంబర్లు, పాన్ మాత్రం ఎక్కడా పెట్టొద్దు. దాన్నిబట్టి బ్యాంకుకి పంపాల్సిన లెటరు ముసాయిదా నేను రాసిస్తాను, మీ ఆయన తన చేత్తో తిరగరాసి సంతకం పెడితే సరిపోతుంది.